గాలిసంచి కట్టె

దిల్‌సుఖ్‌నగర్,
12 నవంబరు 1968.

అక్కకు, బావకు సీతారాములు దండాలు.

ఇక్కడ నేనూ లచ్చమ్మా బాగున్నాం. నువ్వు బావ స్నేహితుడి లారీలో పంపిన మాగాయ జాడీ దారిలోనే పగిలి సీటంతా ఎర్రబడింది. ఆ డ్రైవరు నన్ను చూడగానే "మీ అక్క పచ్చడి పంపిందా, పగ పంపిందా?" అన్నాడు. అడుగున మిగిలింది లచ్చమ్మ గీకి దాచింది. అది చాలు మాకు.

అసలు సంగతి చెబుతాను. ఈ విమానాల మైదానం మూసేస్తున్నారు. ఇళ్లు మీదికొచ్చేశాయక్కా. కొత్తపేట నుంచి సరూర్‌నగర్ చెరువు దాకా ఎటు చూసినా పునాదులే. పోయిన నెల దిగుతున్న విమానం చక్రానికి ఎవరో ఆరేసిన చీర చుట్టుకుంది. ఆ చీర గలామె పైలట్‌తో పోట్లాడటానికి మైదానం నడిమిట్లోకి వచ్చింది. ఆ తరువాత పైనుంచి ఆర్డరు వచ్చింది. ఫ్లయింగ్ క్లబ్బు వాళ్లు వేరేచోటికి పోతారు, భూమి ఉద్యోగుల హౌసింగ్ సొసైటీకి పోతుంది. ఇప్పుడు నా పని పొద్దున, గాలి ఎటు వీస్తోందో పైలట్లకు చూపే గాలిసంచి ఎగరేయడం, సాయంత్రం దించడం, మధ్యలో బర్రెల్ని తోలడం. విమానాల కంటే బర్రెలే ఎక్కువ.

తెల్లదొరల లడాయి రోజుల్లో మన భూములు విమానాల కోసం తీసుకున్నప్పుడు, లడాయి కాగానే తిరిగిస్తామన్నారని నువ్వు చెప్పేదానివి. అయ్య ఆ మాట నమ్మి, తన చెలక మీద తనే కావలివాడుగా చేరాడనీ చెప్పేదానివి. ఇన్నేళ్లకు సర్కారుకు ఆ మాట సగం గుర్తొచ్చింది. అప్పుడు భూమి పోయినవాళ్లు తమ చెలక ఎక్కడుండేదో వచ్చి చూపిస్తే, అందులోనే ఒక మూల ఇంటి జాగా ఇస్తారట. పాత దస్త్రాలు పోలీస్ యాక్షన్ నాటి గోలలో కాలిపోయాయి కాబట్టి నోటిమాటే సాక్ష్యం.

అయ్య పోయేనాటికి నాకు ఐదేళ్లు. నువ్వు నన్ను చంకనేసుకుని బెజవాడ తీసుకుపోయావు. మీసాలొచ్చాక ఈ కొలువుకని తిరిగొచ్చాను. మన చెలక ఏదో నాకు తెలియదు. మైదానంతోపాటు నా కొలువూ పోతుంది, ఈ గదీ పోతుంది. జాగా వస్తే నాలుగు గోడలు లేపుకుంటాం. రాకపోతే లచ్చమ్మను తీసుకుని ఎటు పోవాలో నాకు తోచడం లేదు. నీకు గుర్తున్నదంతా రాయి అక్కా.

నీ తమ్ముడు,
సీతారాములు

—

బెజవాడ,
24 నవంబరు 1968.

చిరంజీవి సీతారాములుకు, చల్లగా ఉండమని దీవిస్తూ మీ అక్క రాసే సంగతులు.

పచ్చడి పోతే పోయింది, మళ్లీ పెడతాను. ఎటు పోవాలో తోచడం లేదంటావేంట్రా? నీకు అక్క లేదా? పిచ్చి మాటలు రాయకు. లచ్చమ్మ మందు వేసుకుంటోందా? పిల్లలు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు పుడతారు, ఆ పిల్లను ఎవరూ ఏమీ అనకుండా చూసుకో.

మన చెలక నాకు గుర్తు లేకపోవడమేంటి! ఎర్ర నేల. జొన్న, ఆముదం, గట్ల మీద కంది. సర్వే వాళ్లు వచ్చేనాటికి జొన్న పాలు పోసుకుంటోంది. పచ్చి పైరు మీద రోలరు నడిపించారు. అయ్య కాళ్లు పట్టుకుంటే కంకులు ఏరుకోవడానికి ఒక్క పూట గడువిచ్చారు. ఆ పాల కంకులు ఏం చేసుకోవాలి? బర్రెలకు వేశాం. అమ్మ ఆ తరువాత బతికినన్నాళ్లూ జొన్నరొట్టె ముట్టలేదు. నువ్వు అప్పుడు కడుపులో ఉన్నావు.

నేల చదును కాగానే మొట్టమొదట నిలబెట్టింది గాలిసంచి కట్టె. ఇంత లావు టేకు కట్టె. సరిగ్గా మన చెలక పడమటి గట్టు మీద పాతారు. మొదట్లో గుండ్రంగా సిమెంటు పోశారు. నేను అయ్యకు అంబలి తీసుకెళ్తూ, ఆ సంచి బుసబుస ఊగుతుంటే పైకి చూస్తూ నడిచి, పచ్చి సిమెంటులో కాలేశాను. పని చేయిస్తున్న దొర నవ్వాడు. అయ్య వీపు మీద ఒక్కటిచ్చాడు. నా కుడి పాదం అక్కడే ఉండిపోయింది. పోయి చూడు, ఉంటుంది. నీ పుట్టువెంట్రుకలు తీయించిందీ ఆ కట్టె నీడలోనే. మన భూమి మీద మనకు మిగిలింది ఆ నీడొక్కటే అనేవాడు అయ్య.

కట్టె మొదట్లో నిలబడి పొద్దు పొడిచే వైపు చూడు. నీ కాళ్ల దగ్గర్నుంచి మొదలయ్యేది మన చెలక. ఇంతకంటే గుర్తేం కావాలి?

విచారణకు నేనే వచ్చి చెబుతాను. నేను పెళ్లయి వచ్చేశాక మళ్లీ ఆ మైదానంలో అడుగు పెట్టిందే లేదు. అయ్య పోయినప్పుడు వచ్చినా, మిలట్రీ వాళ్లు గేటు దగ్గరే ఆపేశారు. ఈసారి నన్ను ఎవరు ఆపుతారో చూస్తాను.

మీ అక్క,
అండాలమ్మ

—

దిల్‌సుఖ్‌నగర్,
2 ఫిబ్రవరి 1969.

అక్కకు దండాలు.

నువ్వు రావద్దు. ఇక్కడ ఏం జరుగుతోందో పేపర్లో చూస్తూనే ఉంటావు. కాలేజీలన్నీ బంద్. పిల్లలు రోడ్ల మీద ఉన్నారు. మలక్‌పేట దగ్గర బస్సు తగలబెట్టారు. మీవైపు బస్సులు ఎప్పుడు నడుస్తాయో, ఎక్కడ ఆపేస్తారో తెలియదు. నీ నోట్లోంచి "ఏంటండీ" అని ఒక్క మాట వచ్చిందంటే ఇక్కడి బిడ్డవని ఎవరు నమ్ముతారు? నేను కూడా బజారుకు పోతే నోరు జాగ్రత్తగా తెరుస్తున్నాను. ఉద్యోగాలు మనవాళ్లకు రావాలి, మన భూములు మనకుండాలి అని ఆ పిల్లలు అరుస్తుంటే నాకూ గొంతు కలపాలనే ఉంటుంది. తీరా చూస్తే నన్ను పెంచింది బెజవాడ.

విచారణ ఇరవయ్యో తారీఖున. కానీ ఒక చిక్కు వచ్చింది. సైదమ్మ గుర్తుందా? మైదానంలో గడ్డి కోసి అమ్ముకుంటుంది. నేను కొలువుకు వచ్చిన మొదటి రోజు నా మొహం చూసి "బక్కయ్య కొడుకువు గదా" అని మజ్జిగ ఇచ్చిన మనిషి. లచ్చమ్మకు విషజ్వరం వచ్చినప్పుడు పక్కనే కూర్చుని కాపాడింది. భూమి పోయినా ఊరు విడిచిపోని మనిషి ఆమె ఒక్కతే. మైదానం అంచున గుడిసె వేసుకుని ఇన్నేళ్లూ ఉంది.

ఆమె ఇప్పుడు కట్టెకు తూర్పున ఉన్నది తన చెలక అంటోంది. నేను నీ మాట చెబితే నవ్వి, "మీది గీడ కాదు బిడ్డా. మీ అయ్య చెలక గా ఎత్తుగడ్డ కాడ ఉండె" అని చెయ్యి చూపించింది. అది ఇక్కడికి ఒక కేక దూరం. అక్కడ అడిగినవాళ్లెవరూ లేరని అప్పుడే సొసైటీకి ఇచ్చేశారు, ప్లాట్లు కొలిచేశారు. అంటే ఆమె మాట నిజమైతే మనకు ఏమీ లేనట్టే. మన మాట నిజమైతే ఆమెకు ఏమీ లేదు.

కట్టె మొదట్లో నీ పాదం కోసం చూశాను. ఇప్పుడది టేకు కాదు, ఇనుప పైపు. కింద సిమెంటుకు ఏళ్లుగా కొట్టిన సున్నం పెచ్చులు కట్టింది. కొంచెం గీకాను, ఏమీ కనబడలేదు. అడుగున ఉంటుందిలే.

నువ్వు రాలేవు కాబట్టి, చెలక సంగతి ఒక కాగితం మీద విడిగా రాసి సంతకం పెట్టి పంపించు. తహసీల్దారుకు చూపిస్తాను. పెద్దదానివి, అప్పుడు ఊళ్లో ఉన్నదానివి. ఆయన కాదనడు.

నీ తమ్ముడు,
సీతారాములు

—

బెజవాడ,
10 ఫిబ్రవరి 1969.

చిరంజీవి సీతారాములుకు అక్క దీవెనలు.

కాగితం రాసి దీంతో పెడుతున్నాను. మీ బావ పక్కన కూర్చుని, లారీ ఆఫీసు గుమాస్తాకు ఒకసారి చూపించి మరీ రాయించారు. అయ్య పేరు, అమ్మ పేరు, రోలరు తొక్కించిన పైరు, కట్టె, గట్టు అన్నీ రాశాను. కిందా మీదా సంతకం పెట్టాను.

సైదమ్మ గుర్తులేకేం. నన్ను కూర్చోబెట్టి పేలు చూసేది. అందుకే ఇంకా మండుతోంది నాకు. కట్టె కింద కాలుబెట్టింది నేను, అంబలి మోసింది నేను. ముసలిదానికి మతి పోయి ఉంటుంది, లేదంటే ఆ సొసైటీ వాళ్లు ఏదో ఆశపెట్టి పలికిస్తున్నారు. మీ ఇద్దర్నీ కొట్టుకోమని వదిలి రెండు జాగాలూ మింగుదామని చూస్తున్నారేమో. మజ్జిగ ఇచ్చింది కదా అని నువ్వు మెత్తబడకు. మజ్జిగకు మజ్జిగ ఇచ్చుకోవచ్చు, అయ్య చెలక ఇచ్చుకోలేం.

నేను అక్కడికి రాకూడదన్నావు. ఇక్కడ నన్ను ఇప్పటికీ "తెలంగాణా ఆవిడ" అనే పిలుస్తారు. అక్కడికొస్తే ఆంధ్రా ఆవిడనా? సరేలే. ఆ కాగితం నా బదులు మాట్లాడుతుంది.

మీ అక్క,
అండాలమ్మ

—

దిల్‌సుఖ్‌నగర్,
3 మార్చి 1969.

అక్కకు దండాలు.

జాగా మనదైంది. ముందు అది చెబుతున్నాను, లేకపోతే మిగతాది చదవకుండా నువ్వు కంగారుపడతావు.

తహసీల్దారు కట్టె దగ్గరే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నీ కాగితం బిగ్గరగా చదివించాడు. పైరు మీద రోలరు నడిచిన సంగతి వచ్చేసరికి చుట్టూ ఉన్నవాళ్లు తలకాయలు ఊపారు. లచ్చమ్మ ఏడ్చింది. చదవడం అయ్యాక ఆయన సైదమ్మను అడిగాడు, నీ దగ్గర ఏముంది అని.

"నా దగ్గర కాయితం లేదు దొరా. నా బిడ్డ ఉన్నది" అంది.

ఆమెకు ఒకే ఒక్క ఆడపిల్ల ఉండేదట. పోలీస్ యాక్షన్ ముందటి ఏడు గత్తర తగిలి, వాంతులు విరేచనాలతో పోయిందట. తన చెలకలోనే పూడ్చిపెట్టుకోవాలని, మైదానం కావలివాళ్లను బతిమాలి ఆ తూర్పు పక్కన పెట్టిందట. "కాళ్ల కడియాలు గూడ తియ్యలే. వెండివి. గవి ఏసుకుని గల్లుగల్లుమని తిరిగేది" అంది. మా అందరికీ ఇది కొత్త మాట.

తహసీల్దారు మంచివాడే. "అయితే తవ్విస్తాను. కడియాలు దొరికితే జాగా నీదే" అన్నాడు.

ఆమె ఆయన్ని అట్లా చూసింది. "కాయితం కోసం నా బిడ్డను తీస్తనా?" అంది. ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. పారలు తెచ్చిన కూలీల ముందు అడ్డంగా కూర్చుంది. చివరికి ఆయనకు విసుగొచ్చింది. దొరకదని తెలుసు కాబట్టే తవ్వనివ్వడం లేదన్నాడు. అందరూ అదే అనుకున్నారు. నేను కూడా అనుకున్నాను.

ఆమె లేచి పోతూ నా దగ్గర ఆగింది. "గా కట్టె గప్పుడు గీడ లేకుండె బిడ్డా. గది నడిసొచ్చింది" అంది. చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. ఆ రోజు నుంచి పిల్లలు ఆమె కనబడితే "కట్టె నడిచిందా పెద్దమ్మా?" అని వెంటబడుతున్నారు.

గెలిచాం కానీ అక్కా, మనసు బాగోలేదు. లచ్చమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. తవ్వనివ్వకపోతే నేనేం చేసేది చెప్పు?

నీ తమ్ముడు,
సీతారాములు

—

బెజవాడ,
20 ఏప్రిల్ 1969.

చిరంజీవి సీతారాములుకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం నెల దాటాక వచ్చింది. రైళ్లు ఆగిపోయి సంచులన్నీ ఎక్కడో పడున్నాయట. ఈలోగా నువ్వు ఓడిపోయావనీ, చెప్పలేక ఊరుకున్నావనీ అనుకుని నేను అన్నం సరిగ్గా తినలేదు. చదివాక కనకదుర్గమ్మకు కొబ్బరికాయ కొట్టొచ్చాను. అయ్య ఎక్కడున్నా ఈ పూట కడుపు నిండి ఉంటుంది. ఇన్నేళ్లకైనా లడాయి అయిపోయింది, భూమి తిరిగొచ్చింది.

మనసు బాగోలేదంటావు. లచ్చమ్మ నూరిపోస్తోందా? మెత్తని పిల్ల, ఎవరు ఏడ్చినా తనూ ఏడుస్తుంది. కట్టె నడిచిందట! కట్టెలు నడిస్తే మీ బావకు లారీ ఎందుకు? నేను చదివి వినిపిస్తే ఆయన పడీపడీ నవ్వారు. నిజంగా బిడ్డను పెట్టినదైతే తవ్వి చూపించేది కదా. తల్లికి తన భూమి కావాలని ఉండదా?

ఇంటికి తూర్పు ద్వారమే పెట్టు. ముగ్గు పోసేటప్పుడు అయ్య పేరు తలుచుకో. గొడవలు తగ్గగానే నేనొచ్చి గడప కడుగుతాను.

మీ అక్క,
అండాలమ్మ

—

దిల్‌సుఖ్‌నగర్,
10 ఆగస్టు 1969.

అక్కకు, బావకు దండాలు.

ఇంతకాలం రాయలేదని తిట్టుకుంటున్నావని తెలుసు. రాయడానికి మనసు రాలేదు. మే నెల నుంచి ఇక్కడ బతుకు బతుకులా లేదు. కాల్పులు, కర్ఫ్యూ. మన సందులో పాలుపోసే ఎల్లయ్య కొడుకు ఊరేగింపుకు వెళ్లి శవమై వచ్చాడు. ఆ తల్లి ఇప్పటికీ రోజూ గేటు దగ్గర నిలబడి వచ్చే బస్సులు చూస్తుంది.

జూన్‌లో కర్ఫ్యూ పెట్టి ఎవర్నీ గడప దాటనివ్వని రోజుల్లో, సొసైటీ కాంట్రాక్టరు మనుషులు పాసులు చూపించుకుంటూ వచ్చి మైదానం అంచున గుడిసెలన్నీ పీకేశారు. అడ్డుకోవడానికి బయట మనిషంటూ ఎవరున్నారు? సైదమ్మ గుడిసె కూడా పోయింది. కర్ఫ్యూ సడలించాక చూస్తే రోలు, రెండు కుండలు, గడ్డి కొడవలి ఎండలో పడున్నాయి. ఆమె పెద్ద అంబర్‌పేట్‌లో తమ్ముడి ఇంటికి పోయిందట, నడుచుకుంటూ. పోయే ముందు నన్ను అడగలేదు. ఎందుకు అడుగుతుంది?

మా గదిలో ఆ రోజుల్లో చుట్టాలున్నారు. వెంకట్రావు గారని గుంటూరు వైపు ఆయన, సెక్రటేరియట్‌లో గుమాస్తా. ఆ ఎత్తుగడ్డ మీద సొసైటీ ప్లాటులో రెండు గదులు వేసుకుని మేలో దిగారు. వాళ్లింటి మీద రాళ్లు పడ్డాయి. భార్య కుసుమకుమారి గారు చంకలో పసిదాన్ని పెట్టుకుని మా తలుపు కొట్టింది. మూడ్రోజులు మా దగ్గరే ఉన్నారు. ఎవరైనా అడిగితే మా అక్క వాళ్లని చెప్పాను. అబద్ధమే గానీ నీ యాస పలికి పలికి అలవాటైన నోరు కదా, తేలిగ్గానే వచ్చింది.

మంచి మనుషులక్కా. ఆవిడకు భక్తి ఎక్కువ. వాళ్ల పెరట్లో ఒక సిమెంటు దిమ్మ ఉందట. గుండ్రంగా ఉంటుందట, గునపం వేస్తే గునపమే వంగిందట. పగలగొట్టలేక మట్టి దులిపితే దాని మీద ఏదో అమ్మవారి గుర్తు కనబడిందట. ఇప్పుడు పక్కనే తులసి పెట్టి దానికి రోజూ పసుపూ కుంకుమా పూస్తోంది. ఈ గండం అందువల్లే గడిచిందని ఆవిడ నమ్మకం. నేను లోపలికెళ్లి చూడలేదు. అమ్మవారు మా పక్కనుండి వాళ్ల పక్కకు పోయిందని లచ్చమ్మ ఉడుక్కుంటోంది.

విమానాలు ఆగిపోయి మూడు నెలలు. నిన్న గాలిసంచి కట్టె కూడా కోసేశారు. కాలనీ పేరు రాసిన బోర్డు పెట్టడానికి పైపు పనికొస్తుందట. సంచి నేను తెచ్చుకున్నాను. ఈ శ్రావణంలోనే మంచిరోజు చూసి పునాది తవ్విస్తాను. నువ్వుంటే బాగుండు.

నీ తమ్ముడు,
సీతారాములు

—

బెజవాడ,
22 ఆగస్టు 1969.

సీతారాములూ,

ఉత్తరం ఇప్పుడే అందింది. నిలబడే రాస్తున్నాను, పోస్టు సంచి కట్టేలోపు వేయాలి.

ఆ ఎత్తుగడ్డ మీద సిమెంటు దిమ్మ ఏంటి? గుండ్రటి దిమ్మ అక్కడెందుకుంటుంది? అప్పుడు ఆ మైదానం మొత్తంలో సిమెంటు పోసింది కట్టె మొదట్లోనే. ఇంకెక్కడా చారెడు కూడా పోయలేదు. నువ్వు వెంటనే ఆవిడ ఇంటికి వెళ్లు. ఆ కుంకుమ తుడిచి చూడు. అమ్మవారి గుర్తు కాదురా, అది పాదమేమో చూడు. కుడి పాదం. వేళ్లు కొంచెం ఎడంగా ఉంటాయి, అమ్మ నన్ను బాతు కాలు అనేది.

అదే అయితే కట్టె ముందు అక్కడుండేది. నేను వచ్చేశాక ఎప్పుడో తీసి ఇప్పుడున్నచోట పాతారు. టేకు పోయి ఇనుము వచ్చిందని నువ్వు రాసినప్పుడైనా నాకు తోచి ఉండకూడదా? కట్టె నడిచిందంది సైదమ్మ. మేం నవ్వాం.

మరి నువ్వు ముగ్గు పోసేది ఎవరి చెలకలో? తవ్వించకు. నా మీద ఒట్టు, నేనొచ్చేదాకా పార దించొద్దు.

అక్క

—

దిల్‌సుఖ్‌నగర్,
23 ఆగస్టు 1969.

అక్కా,

నీ దగ్గర్నుంచి జవాబు రాకముందే ఇది రాస్తున్నాను. ఎవరికి చెప్పుకోవాలో తెలియక రాస్తున్నాను.

నిన్న శుక్రవారం మంచిదని పునాది మొదలుపెట్టాం. నేను తవ్వుతుంటే లచ్చమ్మ మట్టి ఎత్తిపోస్తోంది. నడుం లోతు రాకముందే ఈశాన్యం మూల పారకు ఏదో గల్లుమని తగిలింది. లచ్చమ్మ ముందు చూసింది. తట్ట కింద పడేసి గుంతలోకి దిగింది.

చిన్న కడియాలక్కా. నల్లబడ్డాయి. వాటిలో సన్నటి ఎముకలు. నా మూడు వేళ్లు కూడా పట్టవు అందులో.

కొత్త బట్ట ఏదీ చేతికి అందలేదు. గోడకు గాలిసంచి తగిలించి ఉంటే లచ్చమ్మ అదే తెచ్చి, చేత్తో ఒక్కొక్కటీ ఏరి అందులో పెట్టింది. కూలీలు వెళ్లిపోయారు. కూలి కూడా అడగలేదు.

ఆమె అబద్ధం చెప్పలేదు. మరి నువ్వు రాసింది ఏమిటక్కా? నువ్వు అబద్ధం చెప్పవు. నాకు ఏమీ అర్థం కావడం లేదు.

సీతారాములు

—

దిల్‌సుఖ్‌నగర్,
9 సెప్టెంబరు 1969.

అక్కకు దండాలు.

నీ ఉత్తరం అందింది. కుసుమకుమారి గారి పెరట్లోకి వెళ్లాను. కాసేపు చూడనివ్వమన్నాను. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని రమ్మంది. కడుక్కుని వచ్చి, ఆవిడ లోపలికెళ్లినప్పుడు కండువా కొసతో కుంకుమ తుడిచాను. కుడి పాదం. వేళ్లు ఎడంగా ఉన్నాయి. దిమ్మ నడుమ కోసేసిన టేకు మొద్దు ఇంకా కుళ్లుతోంది.

ఆవిడకు చెప్పలేదు. మళ్లీ కుంకుమ దిద్ది వచ్చాను. మన చెలక ఆ ఇంటి కింద ఉంది. ఆ ఇంట్లో పసిది పాకుతోంది. వాళ్ల చేతిలో పట్టా ఉంది, వాళ్లు ఎవరినీ మోసం చేయలేదు. నేను మాత్రం ఏం మోసం చేశాను? నువ్వేం చేశావు? నువ్వు రాసిన ప్రతి మాటా నిజం. అయినా ఆ నిజంతోనే ఆమె నెత్తి మీద గుడిసె తీసేశాం.

మొన్న బస్సెక్కి పెద్ద అంబర్‌పేట్ వెళ్లాను. లచ్చమ్మ తనూ వస్తానంది, గాలిసంచిని ఒంటరిగా వదలలేక ఆగిపోయింది. కడియాలు మాత్రం రుమాల్లో కట్టి ఇచ్చింది.

సైదమ్మ తమ్ముడి ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. చిక్కిపోయింది. కళ్లు సరిగ్గా ఆనడం లేదు. నా గొంతు గుర్తుపట్టి "ఎవరు, బక్కయ్య కొడుకా? మజ్జిగ తాగుతవా?" అంది. ఆ మాటకే నేను సగం చచ్చాను. రుమాలు విప్పి కడియాలు ఆమె చేతిలో పెట్టాను. అంతా చెప్పాను, నీ పాదం సంగతి, కట్టె సంగతి. తహసీల్దారు దగ్గరికి పోదాం, జాగా నీ పేరు మీద మార్పిస్తానన్నాను. కాళ్లు పట్టుకున్నాను.

ఆమె కడియాలను చాలాసేపు తడిమింది. ఒకదాన్ని బొటనవేలికి తొడిగి తిప్పి చూసింది. తరువాత రుమాల్లో పెట్టి, ముడేసి, నా చేతిలోనే పెట్టింది.

"గిది నీ అక్క చెలక అని కాయితం సదివిండ్రు గదా" అంది. "నలుగురు విన్నరు. దొర సంతకం పెట్టిండు. మరి మీ చెలకల దొరికినయి నాయెట్లయితయి బిడ్డా? గా పిల్ల మీ పిల్లనే. మీరే సూసుకోండ్రి."

కోపంగా అనలేదక్కా. కోపంగా అని ఉంటే బాగుండేది. తమ్ముణ్ణి పిలిచి నాకు మజ్జిగ ఇమ్మంది. తాగాను. వద్దంటే ఇంకా పాపమనిపించింది. మళ్లీ ఆ మాట ఎత్తితే మొహం గోడవైపు తిప్పుకుంది.

ఇంటికొచ్చి లచ్చమ్మకు చెప్పాను. తను ఏడుస్తుందనుకున్నాను. రుమాలు తీసుకుని కళ్లకద్దుకుంది. "అన్నది గదా, మన పిల్లనే అని. అయితే మన పిల్లనే" అంది. అప్పట్నుంచి ఒక్కటే అడుగుతోంది. "పేరేంది? పేరు పిలవకుండ ఎట్ల పెడ్తం?" అని. మట్టి వేసేటప్పుడు పేరు పెట్టి పిలవాలట, లేకపోతే ఆ బిడ్డకు తన కోసమే వేస్తున్నారని తెలియదట.

పేరు అడగకుండానే వచ్చాను. ఇరవై ఏళ్ల పైగా ఆ తల్లి నోట్లో ఉన్న పేరు, విచారణ రోజు కూడా ఎవరం అడగలేదు. నువ్వు పెళ్లయి వెళ్లాక పుట్టిన పిల్ల, నీకూ తెలిసి ఉండదు.

నువ్వొచ్చేదాకా ఆగమని రాశావు. బస్సులు నడుస్తున్నాయి. పెద్ద అంబర్‌పేట్‌లో దిగు. బస్టాండు వెనక రెండో సందు, అరుగున్న పెంకుటిల్లు. నాకు చెప్పదు. నీకు పేలు చూసిన మనిషి, నిన్ను చూస్తే చెబుతుందేమో. పేరొక్కటి అడిగి రా.

పునాది గుంత అట్లాగే తెరిచి ఉంచాను. వానలు పడుతున్నాయి. జర జల్దీ రా అక్కా.

నీ తమ్ముడు,
సీతారాములు